కారులో జంపఖానా జారుతోంది: ఇంట్లో కట్టుకున్న బండికి ఫుట్ మ్యాట్లు ఎలా బిగించాలి?

మిల్లు అబ్బాయి (హన్మకొండ)
జూన్ 8, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా రైసు మిల్లు వెనక షెడ్డులో రెండేళ్లుగా నేను కడుతున్న బండి గురించి ఇక్కడ చాలామందికి తెలుసు. కొత్తగా వచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ నమూనాలో, తలుపులూ పైకప్పూ లేని, ఇద్దరు మాత్రమే పట్టే బండి ఇది. అంగుళం చదరపు ఇనుప గొట్టాలతో చాసిస్, పాత మారుతి ఓమ్నీ వ్యాను ఇంజన్, దాని గేర్‌బాక్సు, దాని వెనక యాక్సిలే. నేల మాత్రం 1.6 మి.మీ. అల్యూమినియం రేకు. గొట్టాలకు పాప్ రివెట్లతో కొట్టాను. పెడళ్లు పైనుంచి వేలాడేవి, లేత్ షాపులో చేయించినవి.

గత నెల బండి మొదటిసారి తన కాళ్ల మీద తాను కదిలింది. ఆ రోజు మా అమ్మ కొత్తవాడ నుంచి తెప్పించిన రెండు చిన్న జంపఖానాలు నా చేతిలో పెట్టింది. ఎర్రటివి, నల్ల అంచు. ఆ వెండిరంగు రేకు మీద పరిస్తే బండికి పెళ్లికళ వచ్చింది. రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాను.

నిన్న సాయంత్రం మిల్లు ఆవరణలో మలుపు తిప్పుతుంటే నా వైపు జంపఖానా ముందుకు జారి, మడతపడి, బ్రేకు పెడల్ కిందికి దూరింది. బ్రేకు సగం దిగి ఆగిపోయింది. బండి మాత్రం ఆగలేదు. ఎదురుగా ఊక కుప్ప ఉండబట్టి అందులోకి వెళ్లి కూర్చున్నాం. నాకేమీ కాలేదు, బండి ముక్కు మీద రెండు గీతలు, రేడియేటర్ నిండా ఊక. ఆ కుప్పకు పది అడుగుల పక్కనే తూకం రాయి గది గోడ ఉంది. రాత్రంతా నాకు ఆ గోడే కనిపించింది.

ఇప్పుడు చెప్పండి. వెల్క్రోనా, స్క్రూలా, జిగురా? జంపఖానాలు తీసేయడం మాత్రం కుదరదు. అమ్మ రోజూ షెడ్డులోకి వచ్చి చూసి వెళుతోంది.

కాజీపేట ఫిట్టర్
జూన్ 8, రాత్రి 10:35

ముందు ఊక కుప్పకు ఒక కొబ్బరికాయ కొట్టు తమ్ముడూ.

టేపు ఎందుకు ఊడిందో తెలుసుకో. నీది మిల్లు. అక్కడ గాలిలోనే తవుడు ఉంటుంది. రేకు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది, టేపు అంటుకున్నది ఆ పొరకే గాని రేకుకు కాదు. దానికితోడు మన ఎండలు. పైకప్పు లేని బండి నేల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. జిగురు మెత్తబడుతుంది. వెల్క్రో అయినా వెనక ఉండేది అలాంటి జిగురే. పైగా వెల్క్రో కొక్కేలు పట్టుకోవాలంటే ఎదుట నూగు ఉండాలి. జంపఖానా నేత బిగుతుగా, చదునుగా ఉంటుంది. దేనిని పట్టుకుంటాయి?

నేనైతే రివ్‌నట్లు వేస్తాను. పాప్ రివెట్ లాగానే రేకులో బిగుస్తుంది, లోపల మరలు ఉంటాయి. వెనక నుంచి నట్టు పట్టుకోవలసిన పని లేదు. ఎం5 సైజుకు 7 మి.మీ. రంధ్రం. నేరుగా రేకులోకి స్క్రూ ఎక్కించే ఆలోచన ఉంటే మానుకో, 1.6 రేకులో రెండు మరలైనా పట్టవు, నెల రోజులకు వదులవుతాయి.

ఎక్కడ వేయాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది ముందు అంచును బిగిస్తారు, మడతపడేది అక్కడే కదా అని. మడమ మ్యాట్‌ను ముందుకు నెడుతుంది. కాబట్టి దాన్ని వెనక నుంచి పట్టి ఆపాలి. కంపెనీ కార్లలో కొక్కేలు సీటు దగ్గర, వెనక అంచుకే ఉండేది అందుకే. నువ్వు వెనక రెండు, టన్నెల్ (రెండు సీట్ల మధ్య గేర్‌బాక్సును కప్పే ఉబ్బు) వైపు మధ్యలో ఒకటి వెయ్యి. ముందు అంచు పెడళ్ల దాకా పోనే పోకూడదు.

బోల్టు మాస్టారు (కరీంనగర్)
జూన్ 8, రాత్రి 11:12

అసలు మ్యాట్ ఎందుకు? సెవెన్ లాంటి బండికి ప్రాణం తేలికదనం. రేకు మీద గరుకు రంగు వేసుకుని తోలుకోక ఈ పెళ్లికళలు ఏమిటి? తడిస్తే ఆ జంపఖానాలు ఒక్కొక్కటి రెండు కిలోల నీళ్లు మోస్తాయి.

మిల్లు అబ్బాయి
జూన్ 8, రాత్రి 11:20

మాస్టారూ, మీరు వచ్చి అమ్మకు చెప్పండి. నేను షెడ్డు బయట నిలబడతాను.

బోల్టు మాస్టారు (కరీంనగర్)
జూన్ 8, రాత్రి 11:24

బిగించుకో నాయనా.

నిట్ నాలుగో సంవత్సరం
జూన్ 9, ఉదయం 7:05

మాస్టారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. కాలేజీ పోటీ కోసం మేము కట్టిన బండిలో మ్యాట్ లేదు. మడమ ఆనే చోట మెట్లకు అతికించే గరుకు టేపు వేశాం. నేల జారలేదు, ఊడిపోవడానికి మ్యాటూ లేదు. కాకపోతే మూడు నెలల్లో అందరి బూట్లూ అరిగిపోయాయి. ఒట్టి కాళ్లతో ఎక్కితే చర్మం లేస్తుంది.

పాత జీపు (జగిత్యాల)
జూన్ 9, ఉదయం 8:40

రివ్‌నట్లు సరే. కానీ మ్యాట్ ఎత్తి దులపాలంటే ప్రతిసారీ మూడు స్క్రూలు విప్పుతావా? నాలుగోసారి విప్పవు. ఆరోసారికి ఒక స్క్రూ పోయి ఉంటుంది. మనుషుల సంగతి నాకు తెలుసు, అందులో నేనూ ఒకణ్ణి.

పాత జీపుల కాన్వాసు టాపులకు ఉండే గుండీలు చూశావా? మామూలు టిచ్ బటన్ ఎటు లాగినా ఊడుతుంది. మడమ రెండుసార్లు తన్నితే టప్పున విడిపోతుంది, పనికిరాదు. జీపు గుండీ అలా కాదు. మూడు వైపుల నుంచి ఎంత లాగినా వదలదు, నాలుగో వైపు నుంచి ఎత్తితేనే వస్తుంది. ఆ వైపున తల మీద చిన్న చుక్క ఉంటుంది. ఆ చుక్క సీటు వైపు ఉండేలా బిగించు. కాలు ముందుకు ఎంత నెట్టినా ఊడదు, నువ్వు చేత్తో వెనక అంచు పట్టుకుని పైకి లేపితే వచ్చేస్తుంది. కింద ఉండే పుల్ల (గుండీ తల కూర్చునే భాగం) మరతో వస్తుంది కాబట్టి ఫిట్టర్ గారు చెప్పిన రివ్‌నట్‌లోనే ఎక్కించవచ్చు. జీపు టాపులు కుట్టేవాళ్ల దగ్గర అడుగు. నా జీపుకు వేసినవి పదకొండేళ్లయినా గట్టిగానే ఉన్నాయి. టాపు కాన్వాసే రెండుసార్లు మార్చాను.

కొత్త సభ్యుడు 77
జూన్ 9, మధ్యాహ్నం 1:15

ఈ బండిని రోడ్డు మీద తిప్పడానికి అనుమతి వస్తుందా అన్నా? నేనూ ఒకటి కట్టాలనుకుంటున్నాను.

కాజీపేట ఫిట్టర్
జూన్ 9, మధ్యాహ్నం 1:50

అది వేరే పెద్ద కథ. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చదువు. ఉన్న బండినే తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా మార్చకూడదంటుంది. ఇంట్లో కట్టిన బండికి ధ్రువపత్రం ఇచ్చే తయారీదారే ఉండడు. అందుకే ఇతను మిల్లు ఆవరణ, మామిడితోట బాట దాటి బయటికి రాడు. ఇక్కడ మాత్రం మ్యాట్ల దగ్గరే ఉందాం.

రామగుండం షిఫ్టు
జూన్ 9, రాత్రి 10:20

ఇప్పుడే డ్యూటీ దిగాను. ప్లాంటులో భద్రతా విభాగం నాది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తే క్షమించండి.

అందరూ మ్యాట్ ఎలా బిగించాలని మాట్లాడుతున్నారు. బిగింపు ఊడినా ప్రమాదం జరగకుండా ఉండాలి కదా, ముందు అది చూడాలి. 2009 ఆగస్టులో అమెరికాలో, శాన్ డియేగో దగ్గర, డీలరు వాడుకోవడానికి ఇచ్చిన లెక్సస్ కారులో నలుగురు చనిపోయారు. అందులో వేసింది వేరే మోడల్‌కు చెందిన రబ్బరు మ్యాట్. ఆ కారు కొలతకు పెద్దది, సరిగ్గా బిగించలేదు. యాక్సిలరేటర్ దానికి చిక్కుకుని పైకి రాలేదు. ఆ తర్వాత టొయోటా ఒక్క అమెరికాలోనే సుమారు 38 లక్షల బండ్లను మ్యాట్ల సమస్య మీద వెనక్కి పిలవాల్సి వచ్చింది. మూల కారణం చూస్తే ఒక రబ్బరు ముక్క, కొన్ని అంగుళాల తేడా.

మిల్లు తమ్ముడికి బ్రేకు కింద ఇరుక్కుంది. యాక్సిలరేటర్ మీద పడి ఉంటే ఊక కుప్ప కూడా సరిపోయేది కాదు.

కాబట్టి ఇంజన్ ఆపి ఇలా చూడండి. మ్యాట్ వేసి మూడు పెడళ్లనూ ఒక్కొక్కటిగా చివరిదాకా తొక్కండి. పూర్తిగా దిగినప్పుడు కూడా పెడల్ కింది అంచుకూ మ్యాట్‌కూ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉండాలి. తర్వాత బిగింపులన్నీ విప్పేసి, మ్యాట్‌ను చేత్తో ఎంత ముందుకు పోతే అంత ముందుకు తోసి, కావాలని మడతపెట్టి, మళ్లీ తొక్కండి. అప్పుడు కూడా పెడల్ ఇరుక్కోకపోతేనే ఆ కొలత సరైనది. ఇరుక్కుంటే మ్యాట్ పెద్దదైనట్టే, ఎన్ని గుండీలు పెట్టినా సరే.

ఒకవేళ యాక్సిలరేటర్ ఇరుక్కుంటే వంగి మ్యాట్ లాగడానికి ప్రయత్నించవద్దు. కళ్లు రోడ్డు మీద నుంచి పోతాయి. క్లచ్ తొక్కి గేరు తీసేయండి, బ్రేకు ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి. ఆగాక తాళంచెవి తిప్పండి. బ్రేకును పదేపదే కొట్టవద్దు. వాక్యూమ్ బూస్టర్ (ఇంజన్ పీల్పుతో బ్రేకును తేలిక చేసే డబ్బా) ఉన్న బండిలో థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు కొత్తగా వాక్యూమ్ తయారు కాదు. ఉన్న కాస్తా రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది.

ఇంకొక సంగతి, యాక్సిలరేటర్‌కు వెనక్కి లాగే స్ప్రింగులు ఎన్ని?

మిల్లు అబ్బాయి
జూన్ 9, రాత్రి 11:05

మేడమ్, ఒక్కటే స్ప్రింగు. రేపు రెండోది వేస్తాను. నా బండికి బూస్టర్ లేదు. మీరు చెప్పినట్టు ఇప్పుడే టార్చిలైటు పెట్టి చూశాను. జంపఖానా బిగించి ఉన్నప్పుడు బ్రేకుకు అర అంగుళం కూడా ఖాళీ లేదు. ముందుకు తోసి చూస్తే మూడు పెడళ్లూ ఇరుక్కున్నాయి. నెల రోజులు ఇలాగే తిరిగాను.

మిల్లు అబ్బాయి
జూన్ 13, రాత్రి 8:30

ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నాను. ఆటోనగర్‌లో రివ్‌నట్లు దొరికాయి. జీపు గుండీల కోసం నాలుగు షాపులు తిరిగాను, చివరికి ఒక టాపులు కుట్టే పెద్దాయన పాత డబ్బా అడుగు నుంచి పది తీసి ఇచ్చాడు. డబ్బు అడిగితే బండి చూపించమన్నాడు.

జంపఖానాను ఒక పక్క మడిచి పొట్టిగా చేశాను. ఇప్పుడు పెడళ్లకు నాలుగు అంగుళాల ముందే ఆగుతుంది. వెనక రెండు, టన్నెల్ పక్కన ఒకటి గుండీలు. జంపఖానాకు ఐలెట్ పంచితో రంధ్రాలు కొట్టి పై భాగాలు బిగించాను. నిన్న, ఈ రోజు ఆవరణలో ముప్పై రౌండ్లు కొట్టాను. అంగుళం కదిలితే ఒట్టు.

ఒక తప్పు మాత్రం చేశాను, ఎవరూ చేయకండి. రెండో రంధ్రం వేస్తుంటే డ్రిల్లు రేకు దాటి ఒక్కసారిగా కిందికి జారింది. బండి కిందికి దూరి చూస్తే, బిట్టు మొన వెనక చక్రాలకు పోయే బ్రేకు పైపుకు వేలెడు దూరంలో ఆగింది. ఆ పైపును నేనే బిగించాను, ఎటు పోతుందో నాకే గుర్తులేదు.

కాజీపేట ఫిట్టర్
జూన్ 13, రాత్రి 9:00

బిట్టుకు చెక్క ముక్క తొడిగి, మొన మాత్రం ఒక పావు అంగుళం బయటికి వచ్చేలా పెట్టుకుని ఉంటే ఎంత నొక్కినా అంతకు మించి దిగేది కాదు. నేను చెప్పి ఉండాల్సింది, నా తప్పే. పైపు మీద గీత పడిందేమో వేలితో తడిమి చూడు. కంటిని నమ్మకు.

మరో మాట. రివ్‌నట్లు ఇనుపవా, అల్యూమినియంవా? అల్యూమినియంవైతే రేకుతో తగాదా ఉండదు. వాటిలోకి వెళ్లే మర స్టీలుదైతే కాస్త గ్రీజు రాసి ఎక్కించు. స్టీలూ అల్యూమినియమూ కలిసిన చోట వాన నీరు నిలిస్తే తినిపోయేది అల్యూమినియమే. తెల్లటి పొడి కనిపించిందంటే పని మొదలైనట్టే. రివ్‌నట్ల చుట్టూ సీలెంట్ రాయి. నీళ్లు కిందికి పోవడానికి నేలలో అత్యంత పల్లమైన చోట రెండు రంధ్రాలు వేసి రబ్బరు బిరడాలు పెట్టు, ఈసారి పైపు ఎటుందో చూసుకుని.

మగ్గం మనిషి (కొత్తవాడ)
జూన్ 14, ఉదయం 6:10

నేను మామూలుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ణి. బండ్ల గురించి నాకేమీ తెలియదు. జంపఖానాకు పంచితో రంధ్రాలు కొట్టానని చదివాక ఉండలేక రాస్తున్నాను.

2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక మా వాడకు రకరకాల మనుషులు వచ్చారు. గోడకు వేలాడదీస్తామన్నవారు ఉన్నారు, సోఫా మీద వేస్తామన్నవారు ఉన్నారు. కారులో కాళ్ల కింద వేసి తూట్లు పొడిచినవారు మీరే మొదటివారు.

బాబూ, జంపఖానాలో బరువు మోసేది పడుగు, అంటే నిలువు దారాలు. మీకు కనిపించే రంగంతా పేక, అంటే అడ్డదారాలు, దాన్ని లోపల దాగి ఉన్న పడుగు దారాలు పట్టుకుని ఉంటాయి. రంధ్రం కొట్టారంటే పదీ పన్నెండు పడుగు దారాలు తెగాయి. ఐలెట్ ఇప్పుడు గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. మడమతో రోజూ లాగుతుంటే తెగిన దారాల వెంట పేక జారుతుంది, రంధ్రం కన్నమవుతుంది, ఆపైన గుండీ చేతికి వస్తుంది. కింద మందపాటి కాన్వాసు గుడ్డ పెట్టి, చుట్టూ కుట్టి, ఆ కాన్వాసును అంగుళంన్నర బయటికి వదలండి. గుండీలు ఆ కాన్వాసుకు వేయండి. జంపఖానా మీద సూది తప్ప మరేమీ దిగకూడదు.

ఇంకా రెండు సంగతులు. చివర్లో కుచ్చులు ఉన్నాయా, తీసేశారా? కత్తిరించి వదిలేస్తే నేత విడిపోతుంది. అలాగే ఉంచితే మీ పెడళ్లకు చుట్టుకుంటాయి. లోపలికి మడిచి మీద పట్టీ వేసి కుట్టించండి. రెండోది, ఉతికారా? కొత్త నూలు మొదటి ఉతుకుకు ముడుచుకుంటుంది. ఉతికి ఆరబెట్టాక కొలత తీసుకోవాలి గాని, కొలిచి గుండీలు వేశాక ఉతికితే ఒక్కటీ కలవదు.

మిల్లు అబ్బాయి
జూన్ 14, ఉదయం 6:45

అయ్యా, నిన్న రాత్రే ఉతికాను. తీగ మీద ఆరుతోంది. ఇప్పుడే తెచ్చి వేసి చూశాను. టన్నెల్ వైపు గుండీ అర అంగుళం అందడం లేదు.

కుచ్చులు ఉన్నాయి. ఒకటి క్లచ్ పెడల్ ఇరుసుకు చుట్టుకుని ఉంది. నిన్నంతా క్లచ్ గట్టిగా ఉందేమిటా అని కేబుల్‌కు నూనె వేశాను.

పాత జీపు (జగిత్యాల)
జూన్ 14, ఉదయం 8:15

పొద్దున్నే నవ్వించారు, కానీ మగ్గం మనిషి గారు చెప్పింది బంగారం. జీపు టాపుల్లో కూడా గుండీ పడే చోట లోపల ఇంకొక పొర గుడ్డ కుట్టి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఎందుకో ఈ రోజు అర్థమైంది.

రామగుండం షిఫ్టు
జూన్ 14, మధ్యాహ్నం 2:30

నాదొక మాట. డ్రైవరు వైపు, పక్క సీటు వైపు ఒకటే ఉండాలని ఎవరన్నారు? డ్రైవరు వైపు సన్నటి గీతల రబ్బరు షీటు పెడళ్ల దాకా పోకుండా కోసి, మడమ కింద అరుగుదలకు మరో చిన్న ముక్క వేసి, అదే మూడు గుండీలకు బిగించండి. రబ్బరు కాబట్టి పంచి కొట్టినా పీచు లేవదు. పక్క సీటు వైపు పెడళ్లు లేవు. అక్కడ జంపఖానా వేసుకోండి. అమ్మగారు కూర్చునేది ఎలాగూ అటే కదా.

బోల్టు మాస్టారు (కరీంనగర్)
జూన్ 14, మధ్యాహ్నం 2:41

ఏడు రోజుల నుంచి నేను చెబుతున్నదీ దాదాపు ఇదే.

కాజీపేట ఫిట్టర్
జూన్ 14, మధ్యాహ్నం 2:50

మాస్టారూ, మీరు రంగు వేయమన్నారు.

మిల్లు అబ్బాయి
జూన్ 22, రాత్రి 9:15

పని అయిపోయింది. డ్రైవరు వైపు 4 మి.మీ. రబ్బరు. మేడమ్ చెప్పిన పరీక్ష బిగించి ఒకసారి, విప్పి తోసి ఒకసారి, రెండు విధాలా చేశాను. ఎక్కడా ఇరుక్కోలేదు. యాక్సిలరేటర్‌కు రెండో స్ప్రింగు వేశాను. బ్రేకు పైపు మీద గీత లేదు. అయినా మనసు ఒప్పుకోక ఆ ముక్క మార్చేశాను.

పక్క సీటు కింద రెండో జంపఖానా. ఈసారి ముందు ఉతికాను. టాపులు కుట్టే పెద్దాయనే కాన్వాసు వేసి, కుచ్చులు లోపలికి మడిచి కుట్టి ఇచ్చాడు. చెప్పినట్టే బండి చూడటానికి వచ్చి ఒక రౌండు తిరిగి వెళ్లాడు. వాన వస్తుందనిపిస్తే నాలుగు గుండీలు ఎత్తి చుట్టి ఇంట్లోకి తెచ్చేస్తున్నాను, అర నిమిషం పని. తూట్లు పడ్డ మొదటి జంపఖానాను మగ్గం మనిషి గారు తెమ్మన్నారు, రఫ్ఫు చేయించి ఇస్తానన్నారు. పైసా తీసుకోనన్నారు, మళ్లీ పంచి ముట్టుకోనని మాట తీసుకున్నారు.

ఈ సాయంత్రం అమ్మను ఎక్కించాను. ఎక్కే ముందు చెప్పులు విడిచింది. ఎందుకమ్మా అంటే, "జంపఖానా మీద చెప్పులతో కూర్చుంటారా?" అంది. చెప్పులు ఒళ్లో పెట్టుకోలేక టన్నెల్ పక్కన పెట్టింది. మామిడితోట మలుపులో ఒక చెప్పు టన్నెల్ మీదుగా దొర్లి నా క్లచ్ కిందికి వచ్చింది.

కాజీపేట ఫిట్టర్
జూన్ 22, రాత్రి 9:21

ఆగిందా బండి?

మిల్లు అబ్బాయి
జూన్ 22, రాత్రి 9:24

ఆగింది. గేరు తీసి బ్రేకు ఒక్కసారే తొక్కాను. చెప్పులకు ఎక్కడ చోటు పెట్టాలో చెప్పండి. విప్పవద్దంటే వినదు.

పాత జీపు (జగిత్యాల)
జూన్ 22, రాత్రి 9:40

సీటు వెనక కాన్వాసు సంచి ఒకటి కుట్టించు. మూతకు జీపు గుండీ. పదిలో ఇంకా మూడు మిగిలి ఉండాలి నీ దగ్గర.